గిన్నెలాంటి ఊరు, చలికాలపు మూత: విశాఖ గాలి ఎప్పుడు, ఎందుకు మారుతుంది?

చలికాలంలో పేపర్లో ఉష్ణోగ్రతల పట్టిక చదివే అలవాటున్నవారు ఒక సంగతి గమనించే ఉంటారు. విశాఖపట్నానికి ఒక అంకె కాదు, రెండుంటాయి. ఒకటి విమానాశ్రయం దగ్గర కొలిచింది. రెండోది వాల్తేరులో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న వాతావరణ కేంద్రంలో కొలిచింది. ఈ రెండు చోట్లకీ మధ్య దూరం పదీ పన్నెండు కిలోమీటర్లకు మించదు. అయినా డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున విమానాశ్రయం అంకె వాల్తేరు అంకె కన్నా తక్కువే ఉంటుంది. వేసవి మధ్యాహ్నానికి లెక్క తిరగబడి, అదే విమానాశ్రయం వాల్తేరు కన్నా ఎక్కువ కాగుతుంది. ఒకే ఊరు, ఒకే కార్పొరేషన్, రెండు వాతావరణాలు.

విశాఖ గాలి సంగతి చాలావరకు ఈ కొద్ది డిగ్రీల తేడాలోనే ఉంది. సముద్రం పక్కనున్న ఊరికి కాలుష్యమేమిటి, గాలికి అంతా కొట్టుకుపోదూ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఢిల్లీతో పోల్చి తృప్తి పడేవారూ ఉన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు గానీ అది సగమే. గాలి కొట్టుకుపోతుంది, నిజమే. ఎటు పోతుంది, ఏ వేళకు పోతుంది, పోయింది మళ్లీ వెనక్కి రాదా అని అడిగితే కథ మారుతుంది. ఏడాది పొడవునా పోర్టు, రిఫైనరీ, లారీలు, బస్సులు దాదాపు ఒకే తీరున నడుస్తాయి. ఆగస్టులో సగం పని చేసి డిసెంబరులో రెట్టింపు చేసే కర్మాగారం ఏదీ ఉండదు. అయినా ఆగస్టు గాలికి, డిసెంబరు గాలికి పోలికే ఉండదు. ఆ తేడా తెచ్చేది నేల వాటం, గాలి వాటం.

కొండల మధ్య పల్లం

విశాఖ మ్యాపును పక్కనబెట్టి కైలాసగిరి మీద నిలబడి చూస్తే ఊరి ఆకారం ఇంకా బాగా అర్థమవుతుంది. ఉత్తరాన కైలాసగిరి దగ్గర మొదలై సింహాచలం వైపు సాగే కొండలు. దక్షిణాన యారాడ కొండలు, ఆ వరుస చివర సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్. మధ్యలో పల్లపు నేల. తూర్పు కనుమలు రాష్ట్రంలో చాలాచోట్ల తీరానికి దూరంగానే ఉండిపోతాయి. ఇక్కడ మాత్రం వాటి పాయలు సముద్రం అంచుదాకా దిగివస్తాయి. అందుకే ఇంజినీర్లూ పర్యావరణ శాస్త్రవేత్తలూ ఈ ప్రాంతాన్ని గిన్నెతో పోలుస్తారు. ఒక వైపు అంచు విరిగి సముద్రంలోకి తెరుచుకున్న గిన్నె అనుకోవాలి.

పోర్టు ఇక్కడికి రావడానికి కారణమూ ఈ ఆకారమే. డాల్ఫిన్స్ నోస్ అడ్డు నిలిచి ఓడలను అలల నుంచి, తుపాను గాలుల నుంచి కాపాడుతుందనే దాని వెనకున్న చిత్తడి నేలను తవ్వి లోపలి హార్బరు కట్టారు. 1933లో అది తెరుచుకుంది. ఓడలకు గాలి తగలకుండా చేసే కొండ, ఆ వెనకున్న నేలకూ గాలి తగలనివ్వదు. హార్బరుకు కలిసొచ్చిన భూగోళమే ఊపిరితిత్తులకు కలిసిరాలేదు.

పోర్టు వచ్చాక మిగతావి వరస కట్టాయి. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1957లో కాల్‌టెక్స్ రిఫైనరీ మొదలైంది. అదే తర్వాత ప్రభుత్వ చమురు సంస్థ హెచ్‌పీసీఎల్ చేతికి వచ్చింది. ఎరువుల కర్మాగారం, జింకు స్మెల్టరు ఆ వెనకే వచ్చాయి. జింకు స్మెల్టరు ఇప్పుడు మూతపడింది. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, 2002 నుంచి కరెంటు ఇస్తున్న పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రం గిన్నెకు బయట, యారాడ కొండలకు ఆవల ఉన్నాయి. లోపలున్నవి మాత్రం హార్బరు చుట్టూ, ఊరికి నైరుతి మూలన గుమిగూడాయి. అవి వచ్చినప్పుడు ఊరు దూరంగానే ఉండేది. తర్వాత ఊరే వాటి దగ్గరికి నడిచింది. 2005లో గాజువాక కూడా మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో కలిసిపోయాక పరిశ్రమ అంటే ఊరి శివారు అనే అర్థం పోయి, ఊరి నడిమధ్య అనే అర్థం వచ్చింది. 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ లెక్కగట్టినప్పుడు విశాఖకు 70 దాటి మార్కులు పడ్డాయి. ఇక్కడ ఎక్కువ మార్కులు వస్తే తప్పినట్టు. తీవ్రంగా కలుషితమైన 43 ప్రాంతాల జాబితాలో ఊరు చేరింది. 2010 జనవరిలో ఆ ప్రాంతాల్లో కొత్త ప్రాజెక్టులపై కేంద్రం తాత్కాలిక నిషేధం పెట్టింది.

ఒక్క కొలత గుర్తుంచుకుంటే చాలు. కైలాసగిరి ఎత్తు సుమారు 170 మీటర్లు. సింహాచలం కొండలు అంతకన్నా ఎత్తు. మేఘాలను ఆపేంత ఎత్తేమీ కాదు, అరకు కొండల ముందు ఇవి గుట్టలే. కానీ చలికాలపు తెల్లవారుజామున గాలి కదిలే మందం కూడా దాదాపు ఇంతే ఉంటుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మూత పడే వేళ

పల్లెలో చలికాలపు ఉదయం చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. పొయ్యిలోంచి, కల్లంలోంచి లేచిన పొగ నిటారుగా కొంత దూరం పోయి, తాటిచెట్ల ఎత్తుకు వచ్చేసరికి ఎవరో చేత్తో అణిచినట్టు అడ్డంగా పరుచుకుంటుంది. పొలాల మీద తెల్లటి దుప్పటిలా గంటల తరబడి అలాగే ఉంటుంది. మంచు అనుకుంటారు. అందులో మంచు కొంత, పొగ కొంత.

మామూలుగా అయితే నేల దగ్గర గాలి వేడిగా, పైకి పోయేకొద్దీ చల్లగా ఉండాలి. వేడిగాలి తేలిక కాబట్టి పైకి లేస్తుంది, వెంట పొగనూ దుమ్మునూ మోసుకుపోతుంది. చలికాలపు రాత్రి మబ్బు ఉండదు, గాలి కదలదు. నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేసి తొందరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైనున్న గాలి మాత్రం అంతగా చల్లారదు. దాంతో కింద చల్లన, పైన వెచ్చన. పొగ లేచి ఆ వెచ్చని పొరను తాకి ఆగిపోతుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. మూత అంటే ఇదే.

గిన్నె ఆకారం ఈ మూతను ఇంకాస్త బిగిస్తుంది. కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లు జారినట్టు పల్లానికి జారుతుంది. గోపాలపట్నం, మర్రిపాలెం, కంచరపాలెం, విమానాశ్రయం పరిసరాలు ఆ పల్లంలోనివే. పేపర్లో కనిపించే ఆ డిగ్రీల తేడా ఈ చల్లగాలి మడుగుదే. వాల్తేరుకు సముద్రం పక్కనే ఉండి రాత్రంతా వెచ్చదనం అందిస్తుంటుంది కాబట్టి అక్కడ మూత అంత గట్టిగా పడదు. చలికాలంలో పొద్దున్నే విమానాలు మంచు వల్ల ఆలస్యమవుతున్నప్పుడు బీచ్ రోడ్డులో ఎండ తేటగా కాస్తూ ఉండటం వింతేమీ కాదు.

లెక్క సులువుగానే ఉంటుంది. వేసవి మధ్యాహ్నం పొగ కిలోమీటరు ఎత్తుదాకా, ఒక్కోసారి అంతకు మించి కలిసిపోతుంది. చలికాలపు తెల్లవారుజామున ఆ ఎత్తు వంద, రెండొందల మీటర్లు ఉంటే ఎక్కువ. గుప్పెడు ఉప్పు బిందెలో వేస్తే నీళ్లు చప్పగానే ఉంటాయి, అదే గుప్పెడు చెంబులో వేస్తే నోట పెట్టలేం. ఉప్పు పెరగలేదు, నీళ్లు తగ్గాయి. డిసెంబరులో పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నని ధూళి, అంకెలు ఎగబాకడానికి ప్రధాన కారణం ఇదే.

2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో ఆర్ఆర్ వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ ప్రమాదానికి కారణం ట్యాంకు నిర్వహణలోని లోపాలు, అందులో వాతావరణం తప్పేమీ లేదు. కానీ ఆవిరి ఊళ్లోకి ఎలా పాకిందనే ప్రశ్నకు జవాబులో మాత్రం వేళకు చోటుంది. స్టైరీన్ ఆవిరి గాలి కన్నా మూడున్నర రెట్లు బరువు. తెల్లవారుజామున గాలి సహజంగానే నిలకడగా ఉంటుంది, పైకీ కిందికీ కలపదు. బరువైన ఆవిరి ఇళ్ల గుమ్మాల ఎత్తులోనే పారింది. అది మే నెల, చలికాలం కాదు. మూత వేసవి రాత్రుల్లోనూ పడుతుంది, కాకపోతే పొద్దెక్కగానే తొలగిపోతుంది. పరిశ్రమల పక్కన ఊళ్లున్నచోట అత్యవసర ప్రణాళికలు రాసేవాళ్లు మధ్యాహ్నం రెండు గంటల గాలిని ఊహించుకుని రాస్తే సరిపోదు.

పొత్తుల బండి చెప్పే దిశ

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలు. విసనకర్రతో విసిరినప్పుడల్లా బొగ్గుల మీంచి లేచే పొగ, నిప్పురవ్వలు ఊరివైపు పోతాయి. కొనేవాళ్లు బండికి సముద్రం వైపు చేరతారు, కళ్లు మండకుండా. అదే రోడ్డు మీద చలికాలంలో తెల్లవారుజామున అయిదున్నరకు టీ బండి దగ్గర నిలబడితే స్టవ్వు మీంచి లేచే ఆవిరి సముద్రం వైపు వాలుతుంది. పన్నెండు గంటల్లో గాలి ముఖం తిప్పుకుంది.

పగలు నేల సముద్రం కన్నా తొందరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. పొద్దున పది, పదకొండుకు మొదలై సాయంత్రం దాకా వీచే సముద్రపవనం ఇది. రాత్రి నేల చల్లబడి సముద్రం వెచ్చగా ఉంటుంది కాబట్టి గాలి ఊరి నుంచి సముద్రానికి మళ్లుతుంది. తెరచాపల కాలంలో మత్స్యకారులు ఈ వాటం చూసుకునే బతికారు. వేకువన నేలగాలితో తెప్పలు లోపలికి, మధ్యాహ్నం కడలి గాలితో ఒడ్డుకు.

ఇక్కడే ఒక నమ్మకం తలకిందులవుతుంది. వేకువన బీచ్‌లో నడిచేవారు తాజా సముద్రపు గాలి పీలుస్తున్నామనుకుంటారు. ఆ వేళ వారికి తగిలేది రాత్రంతా ఊళ్లో మగ్గి సముద్రం వైపు జారుతున్న గాలి. నిజమైన సముద్రపు గాలి కావాలంటే పొద్దెక్కాక రావాలి, లేదా సాయంత్రం రావాలి. అలాగని వేకువ నడక మానేయాలని కాదు. కంచరపాలెంలో నడిచేవారికన్నా వీరు అదృష్టవంతులే, గాలి ఎంతో కొంత కదులుతుంది. కాకపోతే ఆ కదలిక దిశ వేరు.

రాత్రి సముద్రం మీదికి పోయిన పొగ అక్కడే అంతరించదు. అలల మీద కొన్ని కిలోమీటర్ల దూరాన పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. పొద్దెక్కి గాలి తిరగ్గానే అందులో కొంత భాగం సముద్రపు గాలి వేషంలో తిరిగి ఒడ్డుకు వస్తుంది. గాలి జోరున్న రోజుల్లో ఇది లెక్కలోకి రాదు. చలికాలంలో పెద్ద గాలులు మందగించి, ఈ రాకపోకలే మిగిలినప్పుడు నిన్నటి పొగ మీద ఇవాళ్టి పొగ పేరుకుంటుంది. వాయుకాలుష్యం చదివేవారు దీన్ని పునఃప్రసరణం అంటారు. తీరప్రాంత నగరాలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. 2022-23 చలికాలంలో ముంబై గాలి కొన్ని రోజులు ఢిల్లీతో పోటీపడింది. సముద్రపు గాలి బలహీనపడి, దిశ మార్చుకోవడంలో ఆలస్యం కావడమే కారణమని, దానికి పసిఫిక్‌లోని లానినాతో, అంటే అక్కడి నీళ్లు మామూలు కన్నా చల్లబడటంతో, ముడి ఉందని వాతావరణ శాస్త్రవేత్తలు చెప్పారు. ముంబైకి మూడు వైపులా నీళ్లే. నీళ్లున్నంత మాత్రాన గాలి శుభ్రపడదని అప్పుడు బాగా తెలిసొచ్చింది.

పైగా సముద్రం కూడా పొగలేని చోటు కాదు. లంగరు వేసి వంతు కోసం ఎదురుచూసే ఓడలు రాత్రింబవళ్లు ఇంజన్లు నడుపుతూనే ఉంటాయి. ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం దాకా ఉండవచ్చన్న నిబంధనను అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020 జనవరి 1 నుంచి 0.5 శాతానికి దించింది. పోర్టు ఊళ్లకు ఇది పెద్ద మేలు. ఊరివాళ్లెవరూ ఉద్యమం చేయకుండానే వచ్చిపడిన మేలు.

ఎత్తు చిమ్నీ ఎవరికి లాభం?

పొగ ఇబ్బందికి పాతకాలపు ఉపాయం చిమ్నీని ఎత్తు చేయడం. 500 మెగావాట్ల యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీ ఉండాలన్నది దేశంలో చాలాకాలం నడిచిన నిబంధన. మైదానంలో ఇది బాగానే పనిచేస్తుంది. సముద్రతీరంలో ఒక మెలిక ఉంది.

మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే చల్లగాలి ఇసుక దాటి కాగిన నేల మీదికి రాగానే కింది నుంచి వేడెక్కుతుంది. ఆ వేడికి కలగాపులగమయ్యే పొర ఒడ్డున పలుచగా మొదలై లోపలికి పోయేకొద్దీ మందమవుతుంది. ఒడ్డున పదుల మీటర్లు ఉన్నది కొన్ని కిలోమీటర్లు పోయేసరికి వందల మీటర్లవుతుంది. వాలుగా వేసిన పెంకుటింటి కప్పును గుర్తు తెచ్చుకుంటే ఆకారం తెలుస్తుంది. చూరు సముద్రం వైపు, దూలం ఊరివైపు. ఒడ్డుకు దగ్గర్లోని ఎత్తైన చిమ్నీ పొగను ఆ కప్పుకు పైన, కదలిక లేని గాలిలోకి వదులుతుంది. పొగ తాడులా సాగుతూ లోపలికి పోతుంది. కొంత దూరం పోయాక కప్పే ఎత్తు పెరిగి దాన్ని అందుకుంటుంది. అందుకోగానే లోపలి సుడులు దాన్ని ఒక్కసారిగా నేలకు దింపుతాయి.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. చిమ్నీ పాదం దగ్గరున్నవారికి వాసన కూడా రాదు. కిలోమీటర్ల దూరంలో, ఏ చిమ్నీ కనిపించని కాలనీలో మధ్యాహ్నం గొంతు గరగరలాడుతుంది. తమకు దగ్గర్లో ఏ ఫ్యాక్టరీ లేదు కదా అనుకుంటారు వాళ్లు. ఫ్యాక్టరీకి ఉన్న దూరమే అక్కడ సమస్య.

నైరుతి చిక్కుముడి

మార్చి నుంచి సెప్టెంబరు దాకా విశాఖలో ఎక్కువగా వీచేది నైరుతి గాలి. పోర్టు, రిఫైనరీ, గాజువాక పారిశ్రామిక వాడ ఉన్నది ఊరికి నైరుతినే. అంటే ఏడాదిలో సగానికి పైగా పరిశ్రమల మీది గాలి నేరుగా ఊరిమీదికి వస్తోంది. చలికాలంలో గాలి ఉత్తర, ఈశాన్యాలకు మళ్లి పరిశ్రమల పొగను ఊరికి దూరంగా తోయాలి. ఈ లెక్కన వేసవిలో గాలి అధ్వానంగా, చలికాలంలో మెరుగ్గా ఉండాలి కదా? జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఎందుకంటే గాలి ఎటు వీస్తోందన్నదాని కన్నా ఎంత జోరుగా వీస్తోంది, ఎంత ఎత్తుదాకా కలుపుతోంది అన్నవే బలమైనవి. ఏప్రిల్‌లో పరిశ్రమల పొగ ఊరిమీదికి వచ్చినా పలుచనై వస్తుంది, ఆగకుండా దాటిపోతుంది. డిసెంబరులో పరిశ్రమల పొగ అటు పోయినా ఊరి సొంత పొగ చాలు. ఎన్‌ఏడీ కూడలిలో లారీలు, బస్సులు, ఆటోలు, రోడ్ల పక్కన చెత్త మంటలు, కట్టడాల దుమ్ము అన్నీ మూత కిందే.

అంతేకాదు, చలికాలంలో ఈశాన్యం నుంచి, ఉత్తరం నుంచి వచ్చే గాలి ఖాళీ చేతులతో రాదు. గంగా మైదానంలో చిక్కగా పట్టిన పొగమంచు ఆ కాలంలో తూర్పుకు జారి, బంగాళాఖాతం మీదికి దిగుతుంది. 1999లో జరిగిన హిందూ మహాసముద్ర ప్రయోగంలోను, 2008 డిసెంబరు, 2009 జనవరి నెలల్లో మన శాస్త్రవేత్తలు ఓడలో బంగాళాఖాతమంతా తిరిగి చేసిన కొలతల్లోను, ఈ సముద్రం మీద చలికాలంలో ఎంత మసి, ఎంత సూక్ష్మధూళి తేలుతుందో బయటపడింది. అంటే జనవరిలో సముద్రం వైపు నుంచి వచ్చే గాలిలో కూడా ఎక్కడో బీహారులో రాజేసిన పొయ్యి వాటా కొంత ఉంటుంది. జీవీఎంసీ ఎంత చిమ్మినా పోని వాటా అది.

వేసవికీ దాని తిప్పలు దానికున్నాయి. మే నెలలో పడమటి గాలి కొట్టే రోజులు తీరాంధ్రవాసులకు బాగా తెలుసు. దక్కను మీద కాగిన పొడిగాలి సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. మధ్యాహ్నం పన్నెండుకు రావలసిన చల్లదనం నాలుగైనా రాదు. ఆ రోజుల్లో వేడితో పాటు ఎండకు పుట్టే ఓజోను కూడా పెరిగే వీలుంటుంది. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిర్లు ఎండలో చర్య జరిపితే నేలమట్టపు ఓజోను తయారవుతుంది. కంటికి కనబడదు, అద్దాలకు అంటదు కాబట్టి దాని గురించి మాట్లాడేవారు తక్కువ.

జూన్ తర్వాత వానలు గాలిని కడుగుతాయి. విశాఖలో ఏటా సుమారు వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. నైరుతి తర్వాత అక్టోబరులోనూ అల్పపీడనాలు, తుపానులు జోరుగా కురిపిస్తాయి. వాన ముతక దుమ్మును బాగా దించుతుంది, సన్నదాన్ని అంతగా దించలేదు. కానీ తడిసిన రోడ్డు నుంచి, తడిసిన బొగ్గు గుట్ట నుంచి దుమ్ము లేవదు. వాన చేసే మేలులో అది పెద్ద భాగం. నవంబరు మధ్యలో వానలు ఆగి, కాలవల పక్కన మేట వేసిన ఒండ్రు ఎండి, లారీ టైర్ల కింద పొడిగా మారడం మొదలవుతుంది. సరిగ్గా అదే సమయానికి మూత దిగుతుంది.

ఇందులో తేమ పాత్ర కూడా తీరానికే ప్రత్యేకం. అలల నుంచి లేచే ఉప్పు కణాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకుని బొట్టుగా మారుతుంది. విశాఖలో ఇది రోజువారీ సంగతి. గంధకపు పొగ కూడా తేమలో సల్ఫేటు కణాలుగా మారుతుంది. అందుకే ఇక్కడి మసక కొన్నిసార్లు అంకెలు చెప్పేదానికన్నా చిక్కగా కనిపిస్తుంది. కైలాసగిరి నుంచి డాల్ఫిన్స్ నోస్ కనబడని ప్రతిరోజూ అదంతా కాలుష్యమే అనుకోనక్కర్లేదు, కొంత ఉప్పునీరే.

బాల్కనీ మీది నలుపు

వన్‌టౌన్, జ్ఞానాపురం, కాన్వెంటు జంక్షన్ ప్రాంతాల్లో ఇల్లు తుడిచే గుడ్డను చూస్తే చాలు. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్లు నల్లబడతాయి. ఆరేసిన తెల్లచొక్కా దులిపితే మసి రాలుతుంది. తులసికోట ఆకుల మీద కూడా నల్లటి పొడే. పోర్టులో గుట్టలు పోసిన బొగ్గు, ఇనుప ఖనిజం గాలికి లేచి వచ్చి వాలడం వల్ల ఇది జరుగుతుందని అక్కడివారు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. బొగ్గు గుట్టల మీద నీళ్లు చల్లడం, టార్పాలిన్లు కప్పడం, మూసిన షెడ్లు కట్టడం వంటివి ఆ మొత్తుకోళ్ల ఫలితాలే.

ఈ నలుపు కాలం వేరు. బొగ్గుపొడి లేవాలంటే గాలి జోరుగా ఉండాలి, నేల పొడిగా ఉండాలి. అందుకే వేసవి నైరుతి గాలుల్లో ఈ బాధ ఎక్కువ, గాలి కదలని చలికాలపు రాత్రుల్లో తక్కువ. సన్నధూళిది సరిగ్గా దీనికి ఎదురు. ఒకే ఊరిలో రెండు కాలుష్యాలు రెండు వేర్వేరు పంచాంగాలు పాటిస్తున్నాయన్నమాట. కంటికి కనబడే బొగ్గుపొడి ముతకది, చాలావరకు ముక్కు, గొంతు దగ్గరే ఆగుతుంది. ఊపిరితిత్తుల అడుగుకు పోయేది వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేని పీఎం 2.5. అది గచ్చు మీద కనబడదు. కాబట్టి జ్ఞానాపురంలో మేలో ధర్నా జరుగుతుంది, డిసెంబరులో మర్రిపాలెంలో ఎవరూ ధర్నా చేయరు. బొగ్గుపొడి ఫిర్యాదు చిన్నదని దీని అర్థం కాదు. ఆ ఇళ్లలో ఉండి చూస్తే తెలుస్తుంది. గాలి గురించి గొంతెత్తడం కంటికి కనబడేదానితోనే మొదలై అక్కడే ఆగిపోతోందన్నదే ఇబ్బంది.

మూత గట్టిగా బిగిసే రోజునే మంట పెట్టే ఆచారం కూడా మనకుంది. భోగి మంట వేసేది జనవరి నడిమిన, అదీ సూర్యుడు రాకముందు. ఏడాదిలో పొగ పైకి పోలేని గంటను వెతికి పట్టుకున్నట్టే. కట్టె, పిడక కాలితే పొగ కొంత. పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు కూడా అందులో పడితే సంగతి వేరు. మరో తీర నగరం చెన్నైలో 2018 జనవరి 13న భోగి పొగకు మంచు తోడై విమానాశ్రయంలో విమానాలు రద్దయ్యాయి, దారి మళ్లాయి. పిడకల దండతో సరిపెట్టుకుంటే ఆచారానికి లోటేమీ రాదు.

అంకె ఎవరి ఘనత?

2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో విశాఖ కూడా ఉంది. 2017 స్థాయితో పోల్చి ధూళిని 2024కల్లా 20 నుంచి 30 శాతం తగ్గించాలన్న తొలి లక్ష్యాన్ని తర్వాత 2025-26కు 40 శాతంగా పెంచారు. పది లక్షలు దాటిన నగరంగా విశాఖకు 15వ ఆర్థిక సంఘం నిధులు కూడా గాలి మెరుగుదలతో ముడిపడ్డాయి. ఈ లెక్కలో గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) 200 లోపు ఉంటే అది మంచి రోజు. 101 నుంచి 200 దాకా ఉన్నదాన్ని సూచీ పట్టికేమో మధ్యస్థం అంటుంది. నిధుల లెక్కకు వచ్చేసరికి మధ్యస్థం మంచిదైపోతుంది.

సగటు పీఎం 2.5 మన ప్రమాణంలో ఏడాదికి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచన 5. ఈ రెంటి మధ్య దూరం మీద వాదనలు ఎన్నైనా ఉండవచ్చు. దానికన్నా ముందు అడగాల్సింది, ఏటేటా మారే అంకెలో ఊరి కష్టం ఎంత, వాతావరణం దయ ఎంత అని. డిసెంబరులో రెండు అల్పపీడనాలు వచ్చి గాలీ వానా కొడితే ఏడాది సగటు చక్కగా తగ్గుతుంది, ఏ అధికారీ చీపురు పట్టకపోయినా. చలి ముందే దిగి, గాలి చచ్చుబడితే ఎంత పని చేసినా అంకె పెరుగుతుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఊరి గాలి తేటపడిందని అందరూ సంబరపడ్డారు. వాహనాలు ఆగాయి, నిజమే. ఏటా ఆ వారాల్లోనే చలికాలపు మూత పూర్తిగా లేచిపోతుందన్నదీ నిజమే. రెండింటి వాటా వేరు చేయకుండా ఆ తగ్గుదలంతా లాక్‌డౌన్ ఖాతాలో వేయడం తొందరపాటు. గాలి వేగం, తేమ, కలిసే ఎత్తు లెక్కలోకి తీసుకుని వాతావరణం వాటా తీసేసే పద్ధతులు ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాలకు ఏళ్ల నాటి విభాగమే ఉంది. నగరం ప్రకటించే అంకె పక్కన ఆ సవరించిన అంకె కూడా ఉంటే కార్పొరేషన్‌కూ న్యాయం జరుగుతుంది.

కనీసం డిసెంబరును డిసెంబరుతో పోల్చాలి, ఆగస్టుతో కాదు. చోటును చోటుతో పోల్చాలి. మనుషులు వెళ్లి నమూనాలు తీసే కేంద్రాల్లో కొలత వారానికి రెండు రోజులే, ఏడాదికి 104. గంటగంటకూ కొలిచే యంత్రం ఒక్క చోట ఉంటే అది ఆ చోటు సంగతే చెబుతుంది. చూరు కింద కొలిచిన అంకె దూలం కింద ఉన్నవారికి వర్తించదు. మల్కాపురం, గోపాలపట్నం, పెందుర్తి, ఎంవీపీ కాలనీ ఒకే గాలి పీల్చడం లేదని పేపర్లోని రెండు ఉష్ణోగ్రతలే చెబుతున్నాయి.

వేళల సంగతి మాత్రం ఖర్చు లేనిది. చలికాలంలో పారిశుధ్య కార్మికులు రోడ్లు ఊడ్చేది నాలుగు నుంచి ఆరు గంటల మధ్య. పొడి చీపురుతో లేచిన దుమ్ము ఆ వేళ ఎక్కడికీ పోదు. ముందు పీల్చేది ఊడ్చేవాళ్లే, తర్వాత పాలప్యాకెట్లు వేసేవాళ్లు, పొద్దున్నే బడి బస్సు కోసం నిలబడే పిల్లలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ నాలుగు నెలలు నీళ్లు చల్లాకే ఊడ్చినా, దుమ్మెక్కువ లేచే ఎగుమతి దిగుమతి పనులను పది తర్వాతకు జరిపినా, లేచిన దుమ్ము మూత తొలగిన గాలిలో కలుస్తుంది. పదకొండు గంటలకు కడలి గాలి ఒడ్డెక్కుతుంది. అప్పటిదాకా ఆగితే చాలు.